చేత్తో రాసిన దారి

సోమవారం
ఇవాళ్టి నుంచి చేత్తో దారులు రాయడం బంద్. ఒట్టు.
ఆఫీసు రౌటర్లలో డేటా ఏ దారిన పోవాలో ఇన్నేళ్లూ నేనే ఒక్కొక్కటీ టైపు చేశాను. ఎక్కడ లైను తెగినా నాకే ఫోను, నోట్లో ముద్ద ఉండగానే. ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్ పెడితే రౌటర్లు వాటిలో అవే మాట్లాడుకుని, ఒక దారి మూసుకుపోతే ఇంకోటి వెతుక్కుంటాయి. శనివారం మా ఆవిడతో, పాపతో సముద్రానికి. ఎన్నిసార్లు వాయిదా వేశానో! అలల్లో నిలబడటం నేర్పిస్తానని పాపకి మాటిచ్చాను.

మంగళవారం
పాత రాతలన్నీ తీసేసి హెడ్డాఫీసులో, గోదాములో ప్రోటోకాల్ పెట్టాను. రెండు రౌటర్లూ పలకరించుకున్నాయి! మేనేజరుకి చూపించాను. "ముందు కూడా పనిచేసేదేగా?" అన్నాడు. గాడిదకేం తెలుసు గంధపు వాసన.

బుధవారం
గోదాము స్టోర్‌కీపరు ఫోను. "బిల్లులు రావట్లేదు సార్, లారీలు ఆగిపోయాయి."
ఎక్కడో అంకె తప్పు కొట్టాను. వెతికే టైమేదీ? ఒక్క దారి చేత్తో రాసి పడేశాను. ఒక్కటే. ఇది లెక్కలోకి రాదు.

గురువారం
ఇంకో మూడు రాశాను. జాగ్రత్తకి. మబ్బు పట్టింది కూడా, వానొస్తే లైన్లు తెగుతాయి.
మా ఆవిడ సంచులు సర్దుతూ, "శనివారం ఖాయమేనా? లేకపోతే తమ్ముణ్ణి పిలుస్తాను" అంది.
"రౌటర్లకి ఇక నాతో పనిలేదు."
"సరే, మీకు వాటితో పనిలేదా?"

శుక్రవారం
పాతవన్నీ మళ్లీ ఎక్కించాను. ప్రోటోకాల్ తీసెయ్యలేదు, పక్కనే ఉంది. చేత్తో రాసింది ఉంటే రౌటరు దాని మాటే వింటుంది. నేనంటే అంత గౌరవం.

శనివారం
కారులో సంచులు పెడుతుండగా ఫోను. గోదాము లైను తెగింది. అక్కడి రెండో లైను నిక్షేపంగా ఉంది, ప్రోటోకాల్ దాన్ని కనిపెట్టింది కూడా. నా రాతలు మాత్రం డేటాని తెగిన వైపుకే తోస్తున్నాయి. ఇంటి నుంచే చెరిపేద్దామని, కంగారులో నేను ఆ రౌటరులోకి వెళ్లే దారినే చెరిపేశాను. కూర్చున్న కొమ్మే నరుక్కున్నాను.
సంచులు దించేసి కారులో గోదాముకి పరుగెత్తాను. చేరేసరికి మా ఆవిడ మెసేజ్: "తమ్ముడు కారు తెచ్చాడు. బయల్దేరాం. మీ సంచి గుమ్మం దగ్గరే ఉంచాను."
దారి మూసుకుపోయింది, ఇంకో దారి వెతుక్కున్నారు. నన్నెవరూ అడగలేదు. వారమంతా నేను రౌటర్లకి నేర్పాలనుకున్నది ఇదే. ఏడుపొచ్చింది.

ఆదివారం
పాప ఫోను చేసింది.
"అలల్లో నిలబడటం వచ్చేసింది నాన్నా. మావయ్య నేర్పాడు."
"వచ్చే శనివారం నాకు చూపిస్తావా?"
"నువ్వొస్తే చూపిస్తా" అంది.
రేపటి నుంచి చేత్తో దారులు రాయడం బంద్. ఒట్టు.
స్టోర్‌కీపరు ఫోను మోగుతోంది. ఈ ఒక్కటీ రాసేసి మొదలుపెడతాను.