ఉదాహరణకు, నా భార్య

హార్లెమ్, 1662 ఏప్రిల్

ప్రియమైన వౌటర్ గారికి,

మన పాప ఫెమ్మాని నిన్న పెద్ద చర్చిలో, మా నాన్న పక్కనే పూడ్చాము. వీధివాళ్ళే శవపెట్టె మోశారు. పెళ్ళికాని పిల్ల కదా అని పెట్టె మీద పచ్చి ఆకుల కిరీటం పెట్టారు. జ్వరం గొంతులోకి దిగాక ఎంతోసేపు ఉండలేదు. విశ్వవిద్యాలయంలో పాఠాలు వదిలి లైడెన్ నుంచి రావడం కుదరదని మీరు రాసిన ఉత్తరం, పిల్ల పోయాక అందింది. సరే.

నేను ఏడవలేదు. గొప్పకి చెప్పడం లేదు, ఏడుపు రాలేదు, అంతే. పక్కింటి నెల్ నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఏడవ్వే తల్లీ, నీకు పుణ్యముంటుంది! లోపల పెట్టుకుంటే చచ్చిపోతావే!" అంది. మిగతావాళ్ళు "ఏం గుండె అమ్మా, రాయి!" అని నాకు వినపడేలాగే గొణుక్కున్నారు. ఆనవాయితీ ప్రకారం అందరికీ బీరు పోశాను. ఇవాళ పొద్దున్నే గుడ్డలు తెల్లబరిచే మన పచ్చిక మీదికి వెళ్ళి, పనివాళ్ళ చేత నార థాన్లు మజ్జిగ తొట్లలో వేయించాను.

మీరు చెప్పే పాఠాలు ఉద్వేగాల మీదే కదా. నాకు పట్టినది ఏమిటో చెప్పండి. భయంగా ఉందని రాద్దామనుకున్నాను. భయం కూడా లేదు.

మీ అలైదా


లైడెన్, ఏప్రిల్

నా ప్రియమైన అలైదా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. దుఃఖం పుట్టడం మన చేతుల్లో లేదు. గుండె చుట్టూ రక్తం బిగుసుకుంటుంది, దాని ఆవిరి కళ్ళకెక్కి నీరవుతుంది. అదంతా ఒంటి పని. ఆ పైన తీర్పు చెప్పాల్సింది మనసు. మనదంటూ ఉన్నది మన సంకల్పం ఒక్కటే, తక్కినవన్నీ ఇచ్చి తీసుకుపోయేవే అని గట్టిగా తెలిసిన మనిషిని ఏ ఉద్వేగమూ లొంగదీయలేదు. మేము దాన్ని మనసు పెద్దరికం అంటాము. సుగుణాలన్నిటిలో అదే పైది. నేను ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి అందుకోలేనిది నువ్వు గుడ్డలు ఉతికిస్తూ అందుకున్నావు.

నేను రాకపోవడానికీ కారణం అదే. ఇద్దరం ఒకరినొకరం ఏడిపించుకునే కన్నా, ఎవరి పనిలో వాళ్ళం నిలబడడం మేలనుకున్నాను.

ఈ నెలాఖరుకి నా విద్యార్థి ఒకడు పెద్దల సభలో ఉద్వేగాల మీద వాదిస్తాడు. వాడు నిలబెట్టాల్సిన సిద్ధాంతాలు రాసింది నేనే. అందులో తీర్పుతో దుఃఖాన్ని గెలిచిన తల్లికి ఉదాహరణగా నిన్ను పెట్టాను, పేరుతో సహా. ఆ కాగితం త్వరలో అచ్చుకి వెళుతుంది.

నీ వౌటర్


హార్లెమ్, ఏప్రిల్

ప్రియమైన వౌటర్ గారికి,

నా పేరు తీసేయండి.

నిన్న పొయ్యి మీద గంజి పొంగింది. గిన్నె చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నెల్ వచ్చి "అయ్యయ్యో, చెయ్యి కాలిపోతోందే!" అని అరిచేదాకా తెలియలేదు. తర్వాత రెండు గిన్నెల్లో వడ్డించాను. ఎందుకు వడ్డించానో గుర్తొచ్చాక రెండూ నేనే తిన్నాను. ఉప్పు వేశానో లేదో తెలియలేదు.

భోజనాల దగ్గర మీరే చెప్పేవారు, ఉద్వేగాలన్నిటిలో మొదటిది ఆశ్చర్యమని. అది హద్దు మీరితే ఒళ్ళు కొయ్యబారిపోతుందని, అది ఎప్పుడూ చెడ్డదేనని. నాది అదేనేమో చూడండి. గెలవాలంటే ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి కదా. నా ఎదురుగా ఏమీ లేదు.

ఆ కాగితం అచ్చయిందంటే నేను జన్మంతా ఇలాగే ఉండాలి. ఎప్పుడైనా ఏడుపొస్తే ఓడిపోయినట్టు. నాకు రేపో ఎల్లుండో ఏడవాలని ఉంది. నా పేరు తీసేయండి, మిమ్మల్ని నేను అడుగుతున్నది ఇదొక్కటే.

మీ అలైదా


లైడెన్, మే

ప్రియమైన అలైదా,

నీ ఆక్షేపణ పదునైనది. దానికి జవాబు సిద్ధం చేసుకోమని మా విద్యార్థికి ఇచ్చాను కూడా. కానీ అప్పటికే అచ్చయి ఊళ్ళో పంచేశారు. వెనక్కి తీసుకుంటే నవ్వులపాలవుతాము. సభ బాగా జరిగింది. ఒక పెద్దమనిషి "ఈ కాలంలో కూడా అలాంటి తల్లి ఉందా!" అని టోపీ తీశాడు. నేను గొంతు వణక్కుండానే నీ సంగతి చెప్పాను.

ఇప్పుడు నీ మీద బాధ్యత ఉంది, అలైదా. నిలబడు. వేసవి సెలవులకి వస్తాను.

నీ వౌటర్


హార్లెమ్, మే

వౌటర్,

ప్రియమైన అని రాయలేదు, చూసుకో. మీరు అనడం లేదు, అదీ చూసుకో.

నీ ఉత్తరం తెచ్చింది లైడెన్ పడవ నడిపే యోరిస్. ఇచ్చేసి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మగారూ, అయ్యగారికి ఒంట్లో ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నాడు.

"ఒంట్లో ఏమైంది?"

"పాప జ్వరంతో ఉన్నప్పుడండీ, లైడెన్ రేవులో నా పడవెక్కారు. గట్టు మీంచి పడవ లాగే గుర్రాన్ని ఇంకా తాడుకి కట్టనేలేదు, దిగిపోయి గట్టు మీద వాంతి చేసుకున్నారు. మర్నాడూ అంతే. 'నేను చూడలేను యోరిస్, నా వల్ల కాదు' అని వెళ్ళిపోయారండీ. మీకు తెలుసనుకున్నాను."

అయితే అడ్డొచ్చింది పాఠాలు కావు. మనసు పెద్దరికమూ కాదు. భయం! అదేదో నాకు రాస్తే నేను అర్థం చేసుకోనా అయ్యా? నాన్న ఏడీ అని ఫెమ్మా తలుపు వైపే చూసింది. "పడవలో కూర్చున్నారమ్మా, వచ్చేస్తున్నారు" అని అబద్ధం చెప్పాను. నువ్వు నిజంగానే కూర్చున్నావు!

నీ భయానికి సుగుణమని పేరు పెట్టుకున్నావు. మొద్దుబారిన నా గుండెకీ అదే పేరు తగిలించి అచ్చు వేయించావు.

యోరిస్ వెళ్ళగానే చేతికందిన కూజా తీసి గోడకేసి కొట్టాను. నెల్ పరుగెత్తుకొచ్చింది. "కోపం వచ్చిందే నెల్, నాకు కోపం వచ్చింది!" అన్నాను. దాని వెనకే ఏడుపు వచ్చింది. వీధివీధంతా తలుపులు తీసి చూసేలా ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో, ఎంత నొప్పిగా ఉందో నీకు చెప్పలేను. ఇంకా ఆగలేదు, ఈ అక్షరాలు అలుక్కుపోయింది అందుకే.

నీ సిద్ధాంతం ఓడిపోయింది, వెళ్ళి మీ పెద్దమనుషులకి చెప్పుకో. నేను రేపు పొద్దుటి పడవకి వస్తున్నాను. నిన్ను ఓదార్చడానికి కాదు. నా ఎదురుగా కూర్చుని నువ్వు ఏడవాలి, వౌటర్. ఫెమ్మాకి ఒక నాన్న ఉండేవాడని ఎవరో ఒకరికి తెలియాలి.

అలైదా