పిలిస్తే చూస్తుందా

నంద్యాల,
మంగళవారం.

సలోమక్కా,

ఫోన్ చేస్తే మీ అత్త పక్కనే ఉంటుందని ఈ ఉత్తరం నువ్వు పాఠాలు చెప్పే బడికి పంపుతున్నాను.

రెండేళ్ల కిందట ఆటిజం సర్వే కోసం ఆళ్లగడ్డలో మీ ఇంటికీ వచ్చాను. నీ బిడ్డ కెజియాకు అప్పుడు ఏడాదిన్నర. "పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా?" అని నిన్నే అడిగాను. నువ్వు నోరు తెరిచేలోపే మీ అత్త మంచం మీద నుంచి, "ఎందుకు సూడదు? మా ఇంట్లో అట్లాంటోళ్లు యాడుండారమ్మా? రాసుకో" అంది. నువ్వు తల వంచుకున్నావు. నేను 'అవును' అని రాసుకున్నాను.

తల్లిని ఒంటరిగా అడగాలి, ఆమె తల వంచుకుంటే అదే జవాబు అని సర్వేకు వెళ్లేవాళ్లకు నేర్పేది నేనే. మీ ఇంట్లో మాత్రం డాక్టరును కాలేకపోయాను. మీ అత్త పెట్టిన ఉగ్గాని తిని లేచి వచ్చాను.

మొన్న ఆదివారం చర్చిలో కెజియాను నాలుగుసార్లు పిలిచాను. అది ఫ్యాను వైపే చూస్తోంది. నువ్వు దాన్ని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయావు.

నిన్న ఆ సర్వే ఫారం తీశాను. ఏడుపు రాలేదు. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాను. అప్పుడే తెలిసుంటే ఈ రెండేళ్లలో పాపకు ఎన్నో నేర్పించి ఉండేవాళ్లం.

మా పనిలో తప్పు జవాబును చెరిపేయకూడదు. అది కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి సంతకం చేయాలి. గీత కొట్టాను. పక్కన ఖాళీగా ఉంది.

శనివారం పాపను తీసుకుని నువ్వొక్కదానివే రా. బస్టాండులో ఉంటాను. ఆ ప్రశ్న మళ్లీ అడుగుతాను. ఈసారి నువ్వు చెప్పేదాకా పెన్ను మూత తీయను.

నీ చెల్లెలు