పీకించిన రుంబిమ్ మొక్కను తమ చేత్తోనే తిరిగి నాటుటకై

జిమి లోయ, 1961

గస్తీ అధికారి దొరవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా తెగ సంధి మొక్కను తమరు పీకించినందున ఏటి ఆవలి కున్వాయ్ వారితో యుద్ధము రానున్న సంగతి.

తెంగ్బా తెగ పెద్దనగు మెంబె అను నేను, మిషను బడిలో నేర్చిన నాలుగు అక్షరాలతో విన్నవించునది ఏమనగా:

1. ఐదేండ్ల క్రిందట మాకూ కున్వాయ్ వారికీ జరిగిన పోరులో అటు తొమ్మండుగురు, ఇటు పదకొండుగురు పోయినారు. పిమ్మట తమ పోలీసులు తుపాకులతో వచ్చినారు. అప్పటికే మేమూ అలసిపోయి ఉన్నాము. ఎవరి నేలలో వారు రుంబిమ్ మొక్క నాటి, మగవాళ్ళందరమూ దానిపై చేయి వేసినాము. అది నేలలో ఉన్నన్నాళ్ళు మనిషి మీద విల్లు ఎత్తరాదు. పీకితే యుద్ధానికి సిద్ధమని కబురు. పోరు ఆపినది సగము తమ తుపాకి, సగము మా మొక్క. తమ నివేదికలో మాత్రము అంతా "ప్రభుత్వ కృషి" అని వ్రాసుకున్నారట. వ్రాసుకోండి.

2. గత సోమవారము జెండా కొయ్యకు చోటు కావలెనని మా మొక్కను వేళ్ళతో సహా పీకించినారు. నేను తోటలోంచి పరుగెత్తి వచ్చేసరికి పని అయిపోయినది. "దొరా, కొంప ముంచావు!" అన్నాను. "ఏంటయ్యా ఈ గోల? పిచ్చి మొక్కేగా, ఇంకోటి నాటుకో," అని తమరు నవ్వినారు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుచున్నది.

3. ఇంకొకటి నాటుకొనుటకు అది చిలగడదుంప తీగ కాదు. పీకినవాడే దానిపై చేయి వేసి, ఇరు తెగల ఎదుట "పీకింది నేనే" అని చెప్పవలెను. అది మా కట్టుబాటు. తమరు రాక, కున్వాయ్ వారికి ఒక కాగితము పంపి ఊరుకున్నారు. వారిలో చదువు వచ్చినవాడు ఒక్కడూ లేడు. దానిని చించి పొగాకు చుట్టుకుని పీల్చినారు.

4. నిన్న ఆవలి గట్టు నుండి నా అల్లుని అన్న కవున్ అరిచినాడు.

"ఏయ్ ముసలోడా! రుంబిమ్ పీకేశారంటగా? మీ డాళ్ళన్నీ దొర తగలబెట్టాడు. ఇంకేం అడ్డం పెట్టుకుంటార్రా, అరిటాకులా?"

"పీకింది మేం కాదురా, దొర!"

"దొరకి నీ మొక్కతో పనేంట్రా? అబద్ధమైనా అతికినట్టుండాలి!"

గట్టు గట్టంతా పగలబడి నవ్వినది. ఆనాడు తమ పోలీసులు వచ్చిన బాట మా వైపే ఉన్నది కనుక తమరు మా డాళ్ళే తగలబెట్టినారు. వారివి భద్రముగా ఇండ్లలో ఉన్నవి. ఇదేనా తమ న్యాయము?

5. సంధి నిలవవలెనని నా కూతురు యెంబెన్‌ను ఆ గట్టు వారికే ఇచ్చి పెండ్లి చేసినాను. దీనికి నంబరు వేసి ఏమి వ్రాయవలెనో నాకు తెలియడం లేదు.

కావున తమరు ఎల్లుండి లోగా స్వయముగా ఏటి రేవుకు వచ్చి, మొక్క నాటి, చేయి వేసి, చేసిన పని నోటితో ఒప్పుకొనవలెను. సిగ్గుతో ఎవరూ చావరు. బాణముతో చస్తారు.

ఇది చిత్తగించవలెను, చిత్తగించి సొరుగులో పడవేయరాదు.

ఇట్లు,
విధిలేక తమ విధేయుడు,
మెంబె

మరొక మాట: కాగితం మడిచేలోపే యెంబెన్ ఒంటరిగా ఏరు దాటి వచ్చింది. పోరుకు ముందురోజు కోడళ్ళను పుట్టింటికి పంపేయడం మా రెండు తెగల పద్ధతి. అంటే ఎల్లుండి కాదు, రేపే. మూడేళ్ళ కొడుకును మాత్రం "వీడు మావాడు" అని వాళ్ళే ఉంచేసుకున్నారు.

"రేపు నువ్వు వెళ్తావా నాన్నా?" అంది. తెగ పెద్దను, వెళ్ళక తప్పుతుందా? నాకెదురుగా నిలబడేది దాని మొగుడు.

దొరా, పోలీసులొద్దు, నువ్వొక్కడివే రా. ఈ కాగితం నీకు తెచ్చిస్తున్నది నా కూతురే. దాని వెంటే బయల్దేరు.