దొర దిగి రావడం లేదు

అక్కకు,

నీ తమ్ముడు రాసేది. ఇక్కడ అందరం క్షేమమే. తడిసినవాళ్ళం ఇంకా పూర్తిగా ఆరలేదు గాని, ఉన్నాం. అక్కడ నువ్వూ, బావా, అత్తయ్యగారూ కుదుటపడ్డారని అనుకుంటున్నాను. నీ ఉత్తరం సరుకుల లారీ డ్రైవరన్న తెచ్చి ఇచ్చాడు. ఇదీ ఆయన చేతికే ఇస్తాను. ఫోను టవరు ఇంకా లేవలేదు, కాగితమూ కలమే దిక్కు.

ముందు ఒక్క మాట. దొర బతికే ఉన్నాడు. నా కళ్ళతో చూశాను, ఈ ఉదయం కూడా. ఈ వాక్యం ఇంకోసారి చదువుకుని, కాసిని మంచినీళ్ళు తాగి, అప్పుడు మిగతాది చదువు. బతికే ఉన్నాడు గాని నా చేతికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో నీకు చెప్పాలి. కానీ నీ మిగతా ప్రశ్నలకు ముందు జవాబు రాస్తాను. అది రాశాక ఇంకేదీ నీకు పట్టదని నాకు తెలుసు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. శిబిరంలో పెద్ద గిన్నెలో ఏది ఉడికితే అది. ఒక పూట ఉప్పుండదు, ఇంకో పూట ఉప్పే ఉంటుంది. బడిలో రెండు బెంచీలు కలిపి పడుకుంటున్నాను. పొద్దున లేస్తే నడుం ఎవరో అరువిచ్చినట్టుంటుంది.

పుస్తకాల సంగతి అడిగావు. దాని కిందే బావ ఇరికించి రాసిన ముక్క కూడా చూశాను: "విప్లవం నానిపోయిందా బావమరిదీ, ఎండబెట్టావా?" అని. నానిపోయిందని చెప్పు. నా మంచం కింది కరపత్రాల కట్టలన్నీ ఉబ్బి ఇటుకల్లా అయ్యాయి. ఒక్కొక్క కాగితమే ఊడదీసి బడి వరండాలో తాడు మీద ఆరేశాను. ఒకావిడ వచ్చి, "బాబూ, నీ కాగితాలు కాస్త అటు జరుపు, మా చంటిదాని గుడ్డలకి చోటు చాలడంలేదు" అంది. జరిపాను. ఇదివరకటి నేనైతే ఆవిడని నిలబెట్టి ఆ కాగితాల్లో ఏముందో మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించేవాణ్ణి. ఓపిక లేదక్కా. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలని ఈ వరదలోనే తెలిసింది.

ఇల్లు నిలబడే ఉంది. నీళ్ళు ముందుగదిలో స్విచ్చిబోర్డు దాకా వచ్చి, ఇప్పుడు మోకాలి దాకా దిగాయి. ఫ్రిజ్ వెల్లకిలా పడి వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉంది. చెక్క బీరువా ఉబ్బి తెరుచుకోకపోతే తలుపు పగలగొట్టాను. నీ బట్టలన్నీ బురదలో నాని ఒకే రంగుకి వచ్చాయి. పడక్కుర్చీ మాత్రం మేడమెట్ల మధ్య ఇరుక్కుని భద్రంగా ఉంది. బావ కొనుక్కున్నదీ, దొర ఆక్రమించుకున్నదీ. కుక్కపిల్లప్పుడే ఆ కుర్చీలో వాడి దర్జా చూసే కదా బావ ఆ పేరు పెట్టాడు. ఆ పేరు నా నోట రాదని నేను పంతం పట్టాను. ఇన్నేళ్ళూ వాణ్ణి "ఒరేయ్" అనే పిలిచాను. ఇప్పుడు ఆ పంతానికి ఫలితం అనుభవిస్తున్నాను.

శిబిరం గేటు దగ్గర జంతువులకు ప్రవేశం లేదని రాసి పెట్టారు. మన దర్జీ గుర్తున్నాడుగా, ఒక కొలత తీసుకుని ఇంకో కొలతకి కుట్టే ఆయన. శిబిరానికి వచ్చి ఒక్క పూట ఉన్నాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా నడుంలోతు నీళ్ళలో వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన భార్య గేటు కమ్మీలు పట్టుకుని ఏడుస్తూ నిలబడింది. ఇక రాడనే అనుకున్నాం. వచ్చాడు. నెత్తి మీద కుట్టుమిషను మీద బోర్లించే చెక్క డబ్బా. చెక్క ముక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని అందరూ తలా ఒక మాట అంటుంటే, డబ్బాలోంచి పిల్లి అరిచింది.

గేటు దగ్గర శిబిరం ఆఫీసరు ఆపాడు. నా సంగతి నీకు తెలుసుగా, ఆయన మీదికి వెళ్ళాను. "మనిషిని లోపలికి రానిచ్చి, వాడి ప్రాణాన్ని బయట నిలబెడతారా? ఈయన మళ్ళీ నీళ్ళలోకి దిగితే బాధ్యత ఎవరిది, మీదా, మీ పై అధికారులదా?" అని అరిచాను. ఆయన తిరిగి అరవలేదు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, ఎన్నాళ్ళుగా నిద్ర లేదో. మెల్లిగా అడిగాడు: "జనాన్ని ఎక్కించుకొచ్చే పడవకి అంటించిన కాగితం ఎవరిది తమ్ముడూ?"

నాదే అక్కా. నేను పనిచేసే జిరాక్సు షాపులో నా చేత్తో రాసి, నేనే కాపీలు తీసి అంటించాను. 'ఈ పడవ మనుషులకు మాత్రమే. జంతువులకు, సామానుకు చోటు లేదు.' మా సంఘం మీటింగులో బల్ల గుద్ది వాదించింది కూడా నేనే. ఒక కుక్క కూర్చున్న చోటు ఒక పసిపిల్ల చోటు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాట ఇప్పుడూ అబద్ధమని అనలేను. కానీ ఆ మాట అనేటప్పుడు ఎవరి కుక్కా నా కళ్ళ ముందు లేదు.

నాదేనని ఆఫీసరుతో ఒప్పుకున్నాను. దర్జీ పిల్లిని చంకలో సర్దుకుంటూ, "లీడరు గారూ, మీ లెక్కలో మా పిల్ల జంతువా, సామానా? సామానైతే బయట పెడతాను. జంతువైతే నేనే బయట ఉంటాను" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ మనిషి భార్యతో సహా గేటు బయట పట్టా కింద పడుకుంటున్నాడు. పిల్లి మాత్రం డబ్బాలో వెచ్చగా ఉంది. ఆఫీసరు సైకిళ్ళ షెడ్డు ఇప్పిస్తాను, పైకి అడిగి చెబుతానన్నాడు. ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

జనం నగల కోసం వెనక్కి పోతారనుకున్నానక్కా. కాదు. తాళం వేసిన గదిలో వదిలేసిన వాటి కోసం పోతున్నారు. అందుకని సరుకులు చేర్చడం అయ్యాక నేనూ పడవాయనా వీధులన్నీ తిరిగి వాటికి తిండి పెట్టి వస్తున్నాం. బయల్దేరే ముందు గేటు దగ్గర ఒకటే గోల. "మాది పేరుకి పలకదు, గిన్నె మీద గరిటెతో కొట్టు." "మా దానికి ఎడమ చెవి వినపడదు, కుడిపక్క నుంచి పిలువు." ఒక ముసలామె అయితే, "మా చిలకతో నువ్వు మాట్లాడకు నాయనా, పడవాయన్ని మాట్లాడమను. నీ గొంతు వింటే గుండాగి చస్తుంది" అంది. పడవాయన అది చెప్పుకుని రోజంతా నవ్వాడు.

అలా తిరుగుతుండగానే దొర కనిపించాడు. వీధి మలుపులో, మందుల షాపు పక్కన సగం కట్టి వదిలేసిన మేడ ఉంది కదా, దాని రెండో అంతస్తు శ్లాబు మీద. చిక్కిపోయాడు. మెడ చుట్టూ జూలు బురదతో అట్టకట్టింది. చూడగానే పడవ ఆపించాను.

"పిలువు బాబూ, పేరు పెట్టి పిలువు" అన్నాడు పడవాయన.

నీళ్ళు నిండిన వీధి నడుమ పడవలో నిలబడి, రెండు చేతులూ పైకి చాచి, "దొరా! దొరా! కిందికి రా దొరా!" అని అరిచాను. తన షాపు మేడ మీద కాపలా ఉన్న మందుల షాపాయన వంగి చూసి, "ఏమయ్యా, దొరలు నశించాలని మా గోడ మీద రంగుతో రాసింది నువ్వేగా? ఇప్పుడు బతిమాలుతున్నావేం?" అన్నాడు. ఇంకోరోజైతే ఆయనతో తగువే. "వాణ్ణి కాస్త చూస్తూ ఉండండి" అని మాత్రం అన్నాను.

గొంతు వినగానే వాడి తోక ఒకసారి ఊగింది. ఆ గొంతు ఎవరిదో చూశాక ఆగిపోయింది. స్తంభం వెనక్కి తప్పుకుని అక్కడి నుంచి నన్నే చూశాడు. నేను మెట్లెక్కి వెళ్ళాను. ఒక్కో అడుగూ వేస్తుంటే వాడు ఒక్కో అడుగూ వెనక్కి, పిట్టగోడ లేని అంచు దాకా వెళ్ళాడు. ఇంకొక్క అడుగైతే కింద ఇనుప చువ్వలు. దిగి వచ్చేశాను. అన్నం అక్కడ పెట్టి వస్తే, పడవ దూరం వెళ్ళాక తింటాడు. తింటున్నంతసేపూ చూపు పడవ మీదే. రోజూ ఇంతే. ఆ మేడ స్తంభానికి పగులు వచ్చింది. నీళ్ళు తగ్గేకొద్దీ పగులు విచ్చుకుంటోందని మందుల షాపాయన చెప్పాడు. ఈ వారం దాటితే పడవని దిగువ వీధులకి పంపేస్తారు.

ఇక నీ చివరి ప్రశ్న. "ముడి మరీ బిగించానా తమ్ముడూ, నేనే కట్టేసి చంపుకున్నానా" అని రాశావు. నిద్రలో లేచి కూర్చుని వేళ్ళతో ముడి విప్పుతున్నావనీ, ఏడ్చి ఏడ్చి దిండు తడిపేస్తున్నావనీ బావ విడిగా రాశాడు. ఆ ఉత్తరం చదివాక ఇక దాచుకోలేకపోతున్నాను.

ముడి నీది కాదక్కా. ఆ ముడి నేను విప్పేశాను.

పడవ ఎక్కబోతూ నువ్వు, "మేడ మీద వాడి తాడు గట్టిగా ఉందో లేదో ఒక్కసారి చూసిరా" అన్నావు. పరుగెత్తుకు వెళ్ళాను. ట్యాంకు గొట్టానికి నువ్వు కట్టిన ముడి, ముందు పళ్ళెం నిండా అన్నం. వాడు అన్నం ముట్టకుండా నా చెయ్యి నాకాడు. నీళ్ళు మేడ మీదికి వస్తే కట్టేసినవాడు ఏమవుతాడని తాడు విప్పేశాను. కిందికి వచ్చి, గట్టిగానే ఉందని నీతో అన్నాను.

పడవ కదిలింది. నువ్వు ముందుకు తిరిగి కూర్చున్నావు, అత్తయ్యగారు నీ పక్కన, నేను నీ వెనక నిలబడ్డాను. వాడు మెట్లు దిగి నీళ్ళలోకి దూకాడు. ఈదుకుంటూ మన వెనకే వచ్చాడు. నోరు తెరిస్తే నీళ్ళు, మొరగలేడు. మోటారు చప్పుడులో నీకేమీ వినపడలేదు. పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు. నువ్వు చూస్తే లేస్తావు. లేస్తే పడవ ఒరుగుతుంది. నీకు ఈత రాదు, అత్తయ్యగారు మోకాళ్ళతో కదల్లేరు, ఒళ్ళో పిల్లలతో మిగతావాళ్ళంతా. పడవాయన చూశాడు. నా కాగితం వైపు గడ్డం చూపించి, "నోటీసు నీదే, నువ్వే చెప్పు" అన్నట్టు నన్ను చూశాడు. "పోనీ" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను.

అప్పుడే పడవలో ఉన్న టార్పాలిన్ పరదా తీసి నీ తల వెనకగా ఎత్తి పట్టుకున్నాను. జల్లు పడుతోంది, కప్పుకో అన్నాను. వాన లేదక్కా. అప్పటికే వెలిసింది.

అత్తయ్యగారు చూశారు. నా ముఖం చూసి, వెనక్కి చూసి, కళ్ళు మూసుకుని, నీ తల తన భుజానికి అదుముకున్నారు. ఆవిడ భయపడ్డారని నువ్వు అనుకున్నావు. ఆవిడ్ని ఏమీ అనకు. మలుపులో నీళ్ళ ఉరవడి వాణ్ణి పక్కకి లాగేసింది. ఆ మేడ దగ్గరే. లాగేసే వరకూ వాడు నిన్ను చూడలేదు, పరదా అడ్డం. నన్నే చూశాడు.

చేసింది తప్పని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ పడవలో ఉన్న ప్రతివాళ్ళూ ఇప్పుడు బతికి ఉన్నారు. ఒప్పని రాయడానికీ రావడం లేదు. నేను చదివినవాటిలో ప్రతిదానికీ ఏదో ఒక పక్షం ఉండేది. దీనికి ఏ పక్షమూ దొరకడం లేదు. పడవకి అంటించిన కాగితం గోటితో గీకేశాను, సగం ఊడింది, సగం పట్టుకునే ఉంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. బయల్దేరి రావాలని చూడకు. రోడ్డు తెగింది, లారీలో మనుషుల్ని ఎక్కించుకోరు. ఇంట్లో నీ వాసన మిగిలిన గుడ్డ ఒక్కటి లేదు, అంతా బురద కంపు. నువ్వు పడుకుంటున్న ఆ దిండు గలీబు తీసి డ్రైవరన్నకి ఇవ్వు. ఉతకొద్దు. అత్తయ్యగారు శుభ్రమంటూ సబ్బునీళ్ళలో వేస్తారేమో, వెయ్యనివ్వకు. ఎలా ఉందో అలాగే, నువ్వు ఏడ్చింది ఏడ్చినట్టే పంపు. నువ్వు వాణ్ణి సాయంత్రం పిలిచేటప్పుడు చప్పట్లు ముందా, పేరు ముందా, అదీ రాయి. ఇంట్లో ఉండి ఎప్పుడూ గమనించలేదు. గలీబు శ్లాబు మీద పరిచి, నేను మెట్ల కింద, వాడికి కనపడకుండా కూర్చుంటాను. వాడు దాని మీద తల పెట్టి పడుకునేదాకా కూర్చుంటాను.

నామీద కోపం వస్తే రానీ, ఉత్తరంలో తిట్టు. ముందు గలీబు పంపి, తర్వాత తిట్టు.

ఇట్లు,
వాన లేనప్పుడు పరదా పట్టుకున్న
నీ తమ్ముడు