రెండో బ్రేకు

ఫిబ్రవరి 9

కారు అమ్మేశాను. నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తానన్నాడు కొన్నవాడు. ఎడమవైపు నేర్పేవాళ్ల పెడల్స్ పీకించాలట, పైనున్న ఎల్ బోర్డు తీయించాలట. ఇంట్లో వాడుకునే బండికి రెండు బ్రేకులు ఎందుకని అడిగాడు. నిజమే.

మెకానిక్ ఒక పూటలో అయ్యే పనే అన్నాడు. తర్వాత చూద్దాంలే అన్నాను. ఈ మధ్య నా నోట వచ్చే మాట అదొక్కటే. ఆయన పోయారు. డ్రైవింగ్ స్కూల్ షట్టర్ దించేశాం. నేను పొద్దున లేస్తున్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను. ఏడుపు మాత్రం రాలేదు. వస్తుందేమోనని చుట్టాలందరూ ఎదురుచూసి, విసుగెత్తి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

ఆడపడుచు ఫోన్ చేసింది. అమ్మ ఇకమీదట తన దగ్గరే ఉంటుంది, తీసుకొచ్చి దింపమంది. సరే అన్నాను. అత్తయ్యని అడిగితే ఆవిడా సరే అంది. ఇద్దరం సరే అనేసుకుని ఎవరి గదిలోకి వాళ్లం పోయాం.

ఫిబ్రవరి 10

అత్తయ్య ఒకటి అడిగింది. ఎలాగూ కారులోనే కదా వెళ్తున్నాం, వాడు చెప్పే చోట్లన్నీ చూసుకుంటూ పోదామా అని.

వాడు చెప్పే చోట్లంటే ఆయన పాఠం. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ మొదటిరోజు ఒకటే పాట. ఫస్ట్‌లో వీధి చివరికి, సెకండ్‌లో మార్కెట్‌కి, థర్డ్‌లో కోటకి, ఫోర్త్‌లో సీరియల్ ఇంటికి, టాప్‌లో సముద్రానికి. ఊళ్లో సగం మంది చేత స్టీరింగ్ పట్టించింది ఆయనే. వాళ్లంతా కోటకీ సముద్రానికీ వెళ్లి సార్‌కి ఫొటోలు పంపేవారు. సార్ మాత్రం గ్రౌండ్ చుట్టూ తిరగడమే. వచ్చే ఏడు మనమూ పోదాం అనేవారు. ఏటా అదే వచ్చే ఏడు.

వద్దనడానికి కూడా ఓపిక కావాలి. ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 12

బయల్దేరాం. పెట్టె, పరుపు, కుట్టు మిషను. అత్తయ్య సామానుతో వెనక సీటు నిండిపోయింది. ఆవిడ ముందు కూర్చోవాల్సి వచ్చింది, ఆయన సీట్లో. కూర్చోగానే చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. బండెక్కితే చెప్పులు విప్పాలన్నది ఆయన రూలు. పెడల్ సంగతి పాదానికి తెలియాలనేవారు. నడిపేది నేను కదా, మీరెందుకు విప్పడం అని అడగలేదు.

ఊరు దాటాక ముందున్న బస్సు ఆగింది. వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. చూశాను. చూస్తూనే ఉన్నాను. నా పాదం ముందు బ్రేకు పెడల్ దానంతట అదే కిందికి దిగింది. బస్సుకి జానెడు దూరంలో ఆగాం.

ఒక్క క్షణం ఆయనే అనుకున్నాను. కాదు, అత్తయ్య. సాయంత్రం పాఠాలప్పుడు కాలక్షేపానికి వెనక సీట్లో కూర్చునేది. వినీ వినీ ఒంటబట్టినట్టుంది.

పెళ్లయిన కొత్తలో నేర్చుకున్నాను డ్రైవింగ్. ఎప్పుడు నడిపినా ఆయన పక్కనే ఉండేవారు. నేను తొక్కింది ఎప్పుడో, ఆయన తొక్కింది ఎప్పుడో నాకు తేడా తెలియదు. అంటే నాకు బ్రేకు వెయ్యడం రాదన్నమాట. తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది.

భయం వెయ్యలేదు. వెయ్యాలి కదా.

ఫిబ్రవరి 13

కోట చూశాం. రాళ్లు.

గైడ్ ఇక్కడ రాజు నాట్యం చూసేవాడన్నాడు, ఇక్కడ దాక్కున్నాడన్నాడు, ఇక్కడ పొడిచారన్నాడు. మూడూ ఒకే గొంతుతో చెప్పాడు. నాకు నచ్చాడు.

పార్కింగ్ అతను ఎల్ బోర్డు చూసి, మమ్మల్నిద్దర్నీ చూసి, నేర్చుకునేది ఎవరని అడిగాడు. నేను అత్తయ్యని చూపించాను. ఆవిడ నన్ను చూపించింది. అతను ఎందుకైనా మంచిదని మా బండిని మిగతా బళ్లన్నిటికీ దూరంగా, గోడ వారగా పెట్టించాడు.

బురుజు మెట్ల మధ్యలో అత్తయ్య ఆగిపోయింది. వాడైతే ఈ మెట్టు దగ్గర కూలబడి టీ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాడు అంది. అవునన్నాను. ఆ మెట్టు వంక ఇద్దరం కాసేపు చూశాం. నాకేమీ అనిపించలేదు.

ఫిబ్రవరి 13, సాయంత్రం

లాడ్జిలో టీవీ పనిచేయడం లేదు. సీరియల్ టైముకి అత్తయ్య దాని ముందు కూర్చుంది. అయిపోయే టైముకి లేచింది.

ఫిబ్రవరి 14

సీరియల్ ఇల్లు. ఆ పెద్ద కుటుంబమంతా ఏళ్ల తరబడి కొట్టుకు చచ్చిన ఇల్లు. టికెట్ పెట్టారు. తల్లీకొడుకులు రోజూ పక్కపక్కన కూర్చుని చూసేవారు. ఇదేం చెత్త అంటూ ఆయన ఒక్క ఎపిసోడ్ కూడా వదల్లేదు.

ముందు నుంచి చూస్తే మేడ, స్తంభాలు, బాల్కనీ. అత్తయ్య తలుపు తీసుకుని లోపలికి పోయి వెంటనే బయటికొచ్చింది. లోపలేమీ లేదు. తలుపు వెనక ఇనప రాడ్లు, రేకులు, ఎవరో ఆరేసిన తువ్వాలు. గోడంతా అట్ట. గదులు వేరే ఎక్కడో తీస్తారట.

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ స్తంభం పట్టుకుంటే అది కదిలింది. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. నేను నవ్వలేదు. అట్ట గోడని వేలితో కొట్టి చూశాను. డొల్లగా మోగింది. నాలాంటిదే ఇంకొకటి ఉందన్నమాట.

ఫిబ్రవరి 15

దారిలో ఒక విగ్రహం. చాలా పెద్దదని చెప్పారు. పెద్దదే.

ఫిబ్రవరి 16

వంతెన మీద ఆగాం. ఏదో పెద్ద సినిమా క్లైమాక్స్ ఇక్కడే తీశారట. హీరో నిలబడిన చోట తెల్ల రంగుతో గుండ్రంగా గీత గీశారు. జనం క్యూ కట్టి ఒక్కొక్కరే అందులో నిలబడి, చేతులు చాచి, ఫొటో తీయించుకుని పోతున్నారు. అత్తయ్య నన్నూ నిలబడమంది. నిలబడ్డాను. ఫొటోలో సగం ఆవిడ బొటనవేలు పడింది.

పిట్టగోడ మీద కూర్చున్నాం. రేపు మధ్యాహ్నానికి ఆడపడుచు ఇల్లు చేరతాం కదా, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి ఆ ఇంటి సంగతులు చెప్పాను. మీకు వేరే గది ఇస్తారట, లిఫ్ట్ ఉందట, పిల్లలుంటారు, కాలక్షేపం అవుతుంది. గైడ్ గొంతు నాకు బాగానే పట్టుబడింది. ఆవిడ అంతా విని నీళ్లవంక చూస్తూ అడిగింది.

“ఆ రోజు బస్సు కనిపించిందా నీకు?”

“కనిపించింది అత్తయ్యా.”

“మరి నన్ను దింపేశాక, తిరిగొచ్చేటప్పుడు ఒక్కదానివే కదా. బ్రేకు ఎవరేస్తారు?”

జాగ్రత్తగా వెళ్తానన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఫిబ్రవరి 17, ఉదయం

అత్తయ్య మంచి బట్టలు కట్టుకుంది. తల దువ్వుకుంది. కారెక్కగానే చెప్పులు విప్పింది.

ఫిబ్రవరి 17, సాయంత్రం

ఆడపడుచు వాళ్ల వీధి మలుపు దగ్గర ఇండికేటర్ వేశాను. స్టీరింగ్ తిప్పబోతుంటే పెడల్ దిగిపోయింది. క్లచ్ తొక్కకుండా బ్రేకు పడేసరికి బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. రోడ్డు మధ్యలో.

ముందు బస్సు లేదు, మనిషి లేడు. పక్కకి చూశాను. అత్తయ్య రెండు పాదాలూ బ్రేకు మీద పెట్టి, ఒళ్లంతా బిగబట్టి కూర్చుంది.

“నేను దిగను,” అంది.

వెనక హారన్లు మొదలయ్యాయి. నేను తాళం తిప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి వెనకున్న లారీ డ్రైవరు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. పైన బోర్డు చూసినట్టున్నాడు, కిటికీలోకి వంగి నెమ్మదిగా చెప్పాడు. క్లచ్ తొక్కాలి, న్యూట్రల్ చెయ్యాలి, మళ్లీ స్టార్ట్ చెయ్యాలి, కంగారేమీ లేదు, అందరమూ ఇలాగే నేర్చుకున్నాం. అచ్చం ఆయన చెప్పినట్టే, అదే వరసలో.

అప్పుడొచ్చింది ఏడుపు. స్టీరింగ్ మీద తల పెట్టి, హారన్ మోగుతున్నా తియ్యకుండా ఏడ్చాను. ఇన్నాళ్లదీ ఒక్కసారే వచ్చింది. లారీ డ్రైవరు బెదిరిపోయాడు. పాపం అత్తయ్యని బతిమాలుకున్నాడు.

“టీచరమ్మా, కోప్పడకండి. మెల్లగా వచ్చేస్తుంది.”

కోప్పడనని మాటిచ్చింది అత్తయ్య. అప్పుడు గానీ అతను కదల్లేదు. ఆవిడ పాదాలు మాత్రం అప్పటికీ బ్రేకు మీదే ఉన్నాయి. ఇంటికే పోదాం అత్తయ్యా, ఇద్దరం, అన్నాను. మెల్లగా తీసింది.

ఆడపడుచు ఇంట్లో భోంచేశాం. అత్తయ్య తనే చెప్పింది, ఉండడానికి రాలేదు, చూసిపోవడానికి వచ్చాం అని. ఆడపడుచు నన్ను చాలా మాటలంది. పడ్డాను. నొప్పేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నొప్పేసినందుకు సంతోషం వేసింది.

బండి అమ్మనని కొన్నవాడికి ఫోన్ చేశాను. అతనూ తిట్టాడు.

ఫిబ్రవరి 18

సముద్రం. ఆడపడుచు ఊరు దాటి వచ్చాం. లైట్‌హౌస్ పక్కన ఖాళీ గ్రౌండ్ ఉంది. ఎవరూ లేరు.

తాళం అత్తయ్య అడిగి తీసుకుంది. నేను ఎడమవైపు కూర్చుని చెప్పులు విప్పాను.

ఫస్ట్‌లో వీధి చివరికి, అన్నాను.