గ్లోరీ వంటింటి గోడ

శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో కాపురముంటున్న, ప్రభువునందు నిద్రించిన తాలాడ పరంజ్యోతి గారి పెద్ద కుమార్తెను, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన తాలాడ లీలారాణి అనే నేను, నా అరవై ఏడో ఏట రాయిస్తున్న వీలునామా. జబ్బు నా కడుపులో ఉన్నది, బుర్రలో లేదు. దీన్ని రాయమని ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, బతిమాలలేదు. ఇక మందులు పనిచెయ్యవని విశాఖపట్నం డాక్టరు మెల్లగా, చుట్టూ తిప్పి చెప్పాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఇతరులకు చెప్పిన మాటే కనుక నాకు మొదటిసారే అర్థమైంది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు, ఇకముందు రాసే ఓపిక లేదు.

నేను చెబుతుంటే రాస్తున్నది మా సంఘపెద్ద, రిటైరైన పోస్టుమాస్టరు కొండబాబు. నా తరువాత దీన్ని అమలు జరపవలసినవాడూ అతనే. మధ్యమధ్య కలం ఆపి "ఇయ్యన్నీ వీలునామాలో రాయరండమ్మా" అంటున్నాడు. రాయమన్నాను.

1. మా నాన్న మిషన్ బంగళాలో వంటవాడు. ఊరి చివర తాను కట్టుకున్న ఈ పెంకుటిల్లు నా పేర దఖలు రాసి ఇచ్చాడు. సదరు ఇంటిని నా చెల్లెలు గ్లోరీ జీవించి ఉన్నంతకాలం అనుభవించాలి. ఆమె తదనంతరం మా తమ్ముడు రాబర్టుకు సర్వహక్కులతో చెందాలి. గ్లోరీ బతికుండగా ఆమెను ఇక్కడినుంచి కదిపే హక్కు అతనికి గాని, అతని భార్య రూబీకి గాని లేదు. "ఆశ్రమంలో అయితే సూసుకోడానికి మనుసులుంటారు, పెద్దప్పా" అని రాబర్టు నాతో అన్నాడు. మంచికే అన్నాడు. మావాడు ఏది చేసినా మంచికే చేస్తాడు, అదే మా ఖర్మ.

2. ఈ నిబంధన ఎందుకో తెలియాలంటే మా వంటింటికి ఏమి జరిగిందో చెప్పాలి.

గ్లోరీకి నీటికాసుల జబ్బు వచ్చి పడుచుతనంలోనే చూపు పోయింది. అప్పటినుంచి నేను సంపాదించాను, ఆమె వండింది. చెల్లెలి కోసం లీలారాణి పెళ్లి మానుకుందని సంఘంలో చెప్పుకుంటారు. అది అబద్ధం. అడిగినవాడు నాకు నచ్చలేదు. గ్లోరీ చేతి చేపల పులుసు తిన్నవాళ్లెవరూ మా ఇద్దరిలో ఎవరు ఎవరిని పోషించారని అడగరు.

పాత వంటిల్లు మసిబారి ఇరుకుగా ఉండేది. దానికీ మేము తినే వసారాకీ నడుమ ఒక గోడ. వేడి అన్నం గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఎడమ మోచెయ్యి ఆ గోడకు రాసుకుంటూ గ్లోరీ నడిచి వచ్చేది. ఆ రాపిడికి గోడమీద గచ్చు నున్నబడిపోయింది. గోడ అయిపోయిన చోట మెట్టు, మెట్టు దిగితే నా పీట. గ్యాసుపొయ్యి మీట టిక్కుమంటే మంట ఎంతో ఆమెకు తెలిసేది. అన్నం ఉడుకు చెవితో వినేది. పొయ్యికి ఎడమపక్క మోకాలెత్తున గోడలో ఒక గూడు, గూట్లో మట్టికుండ.

ఆ కుండ పిడికెడు బియ్యానిది. మా సంఘాల్లో వండే ఆడది ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ప్రభువు పేరిట విడిగా వేస్తుంది. శనివారం స్త్రీల సమాజం తరఫున దాలమ్మ సంచి పట్టుకుని వచ్చి తీసుకుపోతుంది. ఏ చెయ్యి వండితే ఆ చెయ్యే వెయ్యాలి. నేను జీతంలో దశమభాగం ఇచ్చేదాన్ని. గ్లోరీకి జీతం లేదు, పిడికెడు ఉన్నది. దాలమ్మ కుండ ఎత్తి సంచిలో వంపుతున్నప్పుడు ఆ చప్పుడు వినడానికి గ్లోరీ పని ఆపి నిలబడేది.

నిరుటి ముందటి క్రిస్మస్‌కు రాబర్టు వచ్చినప్పుడు గ్లోరీ పైట కొంగు పొయ్యిలో అంటుకుంది. ఆమే నలిపి ఆర్పేసింది. రాబర్టు మాత్రం ఏడ్చాడు. అతను విజయనగరంలో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. మరుసటి వేసవి నాకు విశాఖపట్నంలో ఆపరేషన్ అయినప్పుడు గ్లోరీని తన ఇంట పెట్టుకుని, మా ఇద్దరికీ చెప్పకుండా మా వంటిల్లు పగలగొట్టించాడు. నడుమ గోడ తీయించాడు. మెట్టు పూడ్పించి నేలంతా ఒకే మట్టం చేయించాడు. గూడు మూయించి టైల్స్ అతికించాడు. కుండ ఆ పనిలోనే పగిలింది. తన సొంత ఇంటికి కూడా అంత పెట్టి చెయ్యలేదని ఆ పని చేసిన మా ఊరి గంగులు మేస్త్రి చెప్పాడు. నమ్ముతాను.

ఇద్దరినీ కారులో తెచ్చి దింపాడు. గ్లోరీ లోపలికి వచ్చి, గోడ కోసం చెయ్యి చాపి, గోడ దొరకక అక్కడే నిలబడిపోయింది. "అప్పా, ఇది మనిల్లు కాదే. మనింటికి తీసుకెల్లిపో" అన్నది. "మనిల్లే సిన్నప్పా, నీకోసమే సేసేను" అని రాబర్టు నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని అన్నీ తడిమించాడు. బియ్యం కుండ ఎక్కడని అడిగితే, పగిలిందని చెప్పడానికి నోరు రాక, "పాత సోటే ఉన్నాది" అన్నాడు. మరోటి కొని పెడదామనుకున్నాడు. ఆ సాయంత్రమే విజయనగరం నుంచి ఫోను వస్తే వెళ్లిపోయాడు, మరిచిపోయాడు.

గ్లోరీ ప్రయత్నం చెయ్యలేదని ఎవరూ అనకూడదు. కొత్త పొయ్యికి మీట లేదు, అద్దం మీద వేలు పెడితే వెలుగుతుందట. ఎక్కడ పెట్టాలో చూపున్నవాళ్లకే తెలియదు. చిమ్నీ వేస్తే ఆ రొదలో అన్నం ఉడుకు వినబడదు. గోడ లేని నడిగదిలో గిన్నె పట్టుకుని ఎటు నడవాలో తెలియక, పాటలు పాడే మనిషి, నోరు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకునేది. పీటల బదులు తెచ్చి వేసిన గాజుబల్ల అంచులు తగిలి ఒళ్లంతా కమిలింది. అయినా వండింది. నేను మంచంలో ఉన్నాను. తెచ్చి పెట్టింది తిన్నాను. మాడినా బాగుందన్నాను.

పిడికెడు కూడా వేస్తూనే ఉన్నది. పొయ్యికి ఎడమపక్క మోకాలెత్తున చెయ్యి పెడితే గట్టు కింద అర తలుపు తెరుచుకుంది, లోపల గుండ్రటి డబ్బా తగిలింది. రాబర్టు కుండ బదులు డబ్బా పెట్టాడనుకుంది. అది చెత్తడబ్బా. నాకు జబ్బు చేశాక గిన్నెలు తోమడానికి వస్తున్న కూర్మమ్మ కొత్తది, చెత్తలో బియ్యం చూసి జారిపోయినవనుకుని పారబోసింది.

శనివారం దాలమ్మ వచ్చింది. గ్లోరీ ముచ్చటగా తలుపు లాగి, "ఇదుగో, మా తమ్ముడు కొత్త డబ్బా ఎట్టేడు" అని తానే చెయ్యి ముంచి తీసింది. బియ్యంతో వంకాయ ముచ్చికలు, తడి టీ పొడి వచ్చాయి. నా మంచం మీదకి అంతా కనిపిస్తోంది, గోడ లేదు కదా. దాలమ్మ సంచి తెరిచి పట్టింది. "ఎయ్యండమ్మా" అన్నది. గ్లోరీ వెయ్యలేదు. వేళ్లు విడదీసి ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. తరువాత చెయ్యి కడుక్కుని వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

ఆ రోజునుంచి ఆమె పొయ్యి దగ్గరకు వెళ్లలేదు. కూర్మమ్మ వండిపోతోంది. కొత్త కుండ తెప్పిస్తానన్నాను. "వండని సేతికి పిడికెడెక్కడిదప్పా" అన్నది.

3. అందుచేత బ్యాంకులో నా పేర ఉన్న సొమ్ములోంచి, నన్ను పాతిపెట్టే ఖర్చుకు ముందుగానే, వంటింటికీ వసారాకీ నడుమ గోడ తిరిగి కట్టించాలి, మెట్టు తిరిగి వెయ్యాలి, గూడు తెరవాలి. పగలగొట్టిన గంగులు మేస్త్రే కట్టాలి. గోడ ఎక్కడ ఉండేదో, మెట్టు ఎంత ఎత్తో ఈ ఊళ్లో అతనికే గుర్తు. గ్లోరీ మోచేతికి నున్నబడ్డ ఆ గచ్చు మళ్లీ రాదని అతను నాతో చెప్పాడు. నాకూ తెలుసు. కట్టమన్నాను.

4. అద్దం పొయ్యి, చిమ్నీ, గాజుబల్ల రాబర్టుకు తిరిగి ఇచ్చెయ్యాలి. గోధుమరంగు టైల్స్ ఊడదీయగలిగితే అవి రూబీకి చెందాలి, ఆ రంగు ఆమె ఎంపిక. మీటలున్న మామూలు గ్యాసుపొయ్యి ఒకటి కొనాలి.

5. అటకమీద పారేసిన రెండు పీటలు దించి కడగాలి. ఒకటి గ్లోరీది, ఒకటి నాది. రెండూ గ్లోరీకే చెందాలి.

6. పెద్దక్షరాల బైబిలు రాబర్టుకు ఇస్తున్నాను. గ్లోరీని చూడడానికి వచ్చినప్పుడల్లా ఒక అధ్యాయం బిగ్గరగా చదివి వెళ్లాలి. తమ్ముడూ, నీమీద కోపం పోలేదు. ప్రేమా పోలేదు. రెండూ నాతోనే పెట్టెలో దిగుతాయి.

7. నా తెల్లచీరలు, గోడగడియారం కూర్మమ్మకు. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఆస్తి చెల్లదని కొండబాబు చెప్పాడు కనుక దాలమ్మకు ఏమీ రాయడం లేదు. ఆమె ఆరోజు సంచి తెరిచి పట్టినందుకు నా చేతి ఉంగరం నిన్ననే ఇచ్చేశాను. వద్దంటే అరిచాను.

8. పర్లాకిమిడి సంతలో మట్టికుండ ఒకటి, గ్లోరీ చెయ్యి పట్టేంత మూతిది, కొని గూట్లో పెట్టాలి. గ్లోరీ మళ్లీ వండుకుని పిడికెడు వేసేదాకా దాన్ని అక్కడినుంచి తీయకూడదు. సంఘం వచ్చి అడగకూడదు, అడగకుండా ఉండనూ కూడదు. శనివారం దాలమ్మ సంచి పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడాలి, ఖాళీగా పోయినా సరే.

ఇంతవరకు రాయించి, కొండబాబు చేత మొత్తం పైకి చదివించాను. గ్లోరీ నా పక్కనే కూర్చుని విన్నది. గోడ మాట విన్నది, మెట్టు మాట విన్నది, పీటల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. కుండ మాట అయ్యాక నెమ్మదిగా అన్నది, "అన్నీ కట్టిస్తావు సరే. నువ్వు లేకపోతే నేనెవరికి వండాలప్పా?"

కొండబాబు కలం ఎత్తి, ఎనిమిదో నిబంధన కొట్టెయ్యమంటారా అని అడిగాడు. వద్దన్నాను. గోడ కట్టాలి, కుండ పెట్టాలి. గ్లోరీ అడిగింది కూడా అడిగినట్టే రాయమన్నాను.

పాతపట్నం, 2017 నవంబరు 11, శనివారం.

(సంతకం) తాలాడ లీలారాణి

సాక్షులు:
దాలమ్మ, స్త్రీల సమాజం (వేలిముద్ర)
గంగులు, తాపీ మేస్త్రి (సంతకం)

వ్రాసినది: కొండబాబు. పైన వ్రాసినదంతా తాలాడ గ్లోరీ ఎదుట చదివి వినిపించడమైనది. ఆమె సాక్షి కారు. తానూ వేలిముద్ర వేస్తానని అడిగినందున, విన్నట్టుగా, ఇక్కడ వేయించడమైనది.