మా పాప మాట్లాడిన మూడో మనిషి

శిశు వికాస, కుటుంబ అధ్యయన శాఖాధిపతి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ శాఖలో చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని మా పాప దగ్గర నుంచి మార్చవలసిందిగా కోరుట గురించి.

తమ విశ్వవిద్యాలయంలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కునైన నేను విన్నవించుకొనునది:

1. నాలుగున్నరేళ్ల మా పాప తమ శాఖవారి శిశు పాఠశాలకు వచ్చుచున్నది. ఇంట్లో మా ఇద్దరితో గలగలా మాట్లాడుతుంది. గడప దాటితే నోరు విప్పదు. డాక్టరు దగ్గర, కొట్లో, చుట్టాల ముందు దాని మాట కూడా నేనే మాట్లాడుతూ వచ్చాను. ఎక్కడ నొప్పో, ఏ రంగు చెప్పులు కావాలో నా చెవిలో చెబుతుంది, నేను పైకి చెబుతాను. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

2. సదరు విద్యార్థిని ప్రాజెక్టు నిమిత్తం ఆరు వారాలుగా పాప పక్కన కూర్చుంటున్నది. ఈ నెల రెండవ తేదీన ఆ భవనంలో లిఫ్టు తలుపు సరిచేస్తుండగా, తరగతి గదిలోంచి మా పాప గొంతు వినిపించింది. కిటికీలోంచి చూడగా, చెవిలో కాదు, ఆమె ముఖం చూస్తూ మాట్లాడుతున్నది. నేను సంతోషించవలసిన తండ్రిని. కిందికి దిగి వచ్చి, భోజనం డబ్బా మూతైనా తీయలేదు.

3. ఆమెను నిలదీయగా ఇచ్చిన సమాధానం: "నేనేం చేయలేదండీ. మూడు వారాలు ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని బొమ్మ చొక్కాకి గుండీలు కుట్టుకున్నాను. ఒకరోజు తనే, గుండీ తప్పు చోట కుట్టావంది." ఇంకా ఏమేం చెప్పిందని అడిగితే, "అది పాపనే అడగండి" అన్నది. ఒక తండ్రితో ఇట్లు మాట్లాడుట ఏ పాఠ్యప్రణాళికలో ఉన్నదో తెలుపగలరు.

4. ఇంట్లో ఎప్పుడూ ఆ అమ్మాయి గొడవే. అక్క ఇలా కుట్టింది, అక్క అలా నవ్వింది. మా ఆవిడ, "మీకు కుళ్లు, అంతే" అంది. నేను ఒప్పుకోలేదు.

5. పై నాలుగు అంశాలూ పోయిన ఆదివారం రాసి, ఇవ్వలేక జేబులో పెట్టుకున్నవి. ఇది ఈరోజు రాస్తున్నది. సోమవారం నుంచి నాలుగు రోజులు పాపకు జ్వరమని సెలవు చీటీ పంపింది నేనే. జ్వరం లేదు. "అక్క ఇక రాదు" అని పాపకు చెప్పాను. అదీ అబద్ధమే. మొదటి రోజంతా గుమ్మంలో కూర్చుంది. మూడో రోజుకు నాతో కూడా మాట మానేసింది. "ఆకలేస్తోందా?" అంటే తల ఊపింది, అచ్చం కొట్లో అతనికి ఊపినట్టు. అయ్యా, నేను దానికి పరాయివాణ్ణి కావడం అదే మొదలు.

నిన్న పొద్దున్న దాని ఎదురుగా కింద కూర్చుని, "అబద్ధం చెప్పానమ్మా, అక్క వస్తోంది" అన్నాను.

పాప నా ముఖం చూస్తూ, "ఎందుకు చెప్పావ్?" అంది.

"నాకంటే అక్కే ఇష్టమేమో అని."

"నువ్వు నాన్నవి కదా" అని, బడికి పోదామని లేచి నిలబడింది.

కావున విషయంలో రాసిన కోరికను రద్దు చేసి, ఈ నెలాఖరుతో ముగియనున్న ఆమె ప్రాజెక్టును సెలవుల వరకు పొడిగించవలసిందిగా ప్రార్థన. దొంగ సెలవు చీటీకి తాము ఏమి విధించినా శిరసావహించెదను. ఈ తండ్రి మొరను పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్కు, పాప తండ్రి

తా.క.: గేటు పక్క బల్ల మీద పెట్టి రాస్తున్నాను. ఇప్పుడే వాచ్‌మన్, "మీ నాన్న ఏం పని చేస్తాడమ్మా?" అని పాపని అడిగాడు. అలవాటుకొద్దీ నోరు తెరిచి, మూసుకున్నాను. పాప ఆయన్ని వంగమని చెయ్యి ఊపి చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఏం చెప్పిందని నేను అడగలేదు. కుళ్లు మాత్రం ఇంకా పోలేదు.